తొడిగిన తోలు

బడి వెనకాల గొర్రెల కొట్టం. చచ్చిపోయిన గొర్రెపిల్లకి అటు పక్క బడిపిల్లలకు గొర్రెల పెంపకం నేర్పే పెద్దమ్మ; ఇటు పక్క, అమ్మానాన్నా పోయాక ఆమె ఇంట్లోనే పెరుగుతున్న ఆమె చెల్లెలి కూతురు.

“పట్టుకో. వెనక కాళ్లు గట్టిగా పట్టుకో.”

“నేను పట్టుకోను పెద్దమ్మా.”

“కత్తి చూడగానే మీ క్లాసు క్లాసంతా పారిపోయింది. నువ్వూ పారిపోతే ఈ పాఠం ఎవరికి చెప్పను, గోడకా?”

“చచ్చిపోయినదాన్ని కోయడం ఏం పాఠం? గుంట తీసి పూడ్చేద్దాం. నేనే తవ్వుతా.”

“పూడుద్దాం. ముందు తోలు కావాలి.”

“ఎందుకు? అమ్మేస్తావా?”

“ఛీ, ఏం మాటలే అవి! అదిగో, నీ గొర్రెపిల్ల కోసం. తల్లి పోయినదే కావాలని ఏరికోరి తీసుకున్నావుగా. నిన్నట్నుంచి దాని కడుపులో చుక్క నిలవలేదు.”

“సీసాతో పట్టాను. కక్కేసింది.”

“అందుకే దానికి తల్లి కావాలి. ఇక్కడేమో ఈ గొర్రె పొదుగు నిండా పాలు పెట్టుకుని, పోయిన పిల్ల కోసం గొంతు పోయేలా అరుస్తోంది. నీదాన్ని దగ్గరికి తోలితే ఏం చేసింది?”

“కుమ్మింది.”

“నువ్వేం చేశావు?”

“ఏం చేయలేదు.”

“చెప్పు.”

“…స్నానం చేయించాను. సబ్బు పెట్టి. మెడలో రిబ్బను కట్టి మళ్లీ తీసుకెళ్లాను.”

“రిబ్బనా! ఫొటో దిగడానికా?”

“నవ్వకు. శుభ్రంగా, ముద్దుగా ఉంటే ఉంచుకుంటుందనుకున్నా.”

“పిచ్చిమొహమా! గొర్రెకి ముద్దుతో పనేంటి? ముక్కుతో చూసుకుంటుంది పిల్లని. తన వాసన లేకపోతే ఎంత ముద్దుగా ఉన్నా తన్ని తరుముతుంది. ఈ తోలు తీసి నీదానికి చొక్కాలా తొడుగుతాం. మూతి పెట్టి చూసి, నా పిల్లే అనుకుంటుంది.”

“మోసం కదా?”

“మోసమే. బతకాలా వద్దా అది? నీతులు దాని కడుపు నిండాక చెప్పుకుందాం. పట్టుకో.”

“…పట్టుకున్నా.”

“కళ్లు మూసుకుంటే నీ వేలు తెగుతుంది. చూస్తూ పట్టుకో.”

“చల్లగా ఉంది.”

“ఉంటుందమ్మా.”

“పెద్దమ్మా, ఏడుస్తున్నావా?”

“చెమట. మాట్లాడకు… ఆఁ, అయింది. కాళ్లు దూరడానికి కంతలు వదిలాను చూడు. నీదాన్ని పట్రా. ముందు కాళ్లు దూర్చు. మెల్లగా, మెల్లగా.”

“వణికిపోతోంది. వదులైపోయింది దానికి.”

“ఫర్వాలేదు. లోపలికి వదిలి నువ్వు వెనక్కి జరుగు.”

“వాసన చూస్తోంది… కుమ్ముతుందేమో… పెద్దమ్మా, నాకుతోంది! నాకుతోంది!”

“ష్! అరిచి చెడగొట్టకు.”

“తాగుతోంది… తోక ఎలా ఆడిస్తోందో చూడు.”

“బతికింది పో.”

“ఇంక ఎప్పటికీ ఆ తోలు వేసుకునే ఉండాలా?”

“అక్కర్లేదు. రెండు మూడు రోజులు. ఈ తల్లి పాలు పడ్డాక ఆ వాసనే దాని ఒంటికి వచ్చేస్తుంది. అప్పుడు తోలు తీసి పారేసినా వదలదు.”

“అది వేరే పిల్లని తెలిసినా?”

“తెలిసినా. అప్పటికి అది దీని పిల్లే.”

“పెద్దమ్మా.”

“ఊఁ.”

“నిరుడు నీ కూతురు, అక్క, చనిపోయిన నెల రోజులకే నన్ను తెచ్చుకున్నారు కదా. అప్పట్నుంచీ అక్క గౌన్లే తొడుగుతున్నావు, అక్క పేరుతోనే పిలుస్తున్నావు. నాకెప్పుడు తీస్తావు?”