గడ్డి తొక్కరాదు

పార్కు గేటు దగ్గర పైపు పట్టుకుని నిలబడ్డ తోటమాలికి, వాచ్‌మన్‌గా చేసే బావమరిది చెప్పిన మాట మింగుడుపడలేదు.

“పచ్చిక బాగా తడపమన్నారు బావా. రేపు కార్ల కంపెనీ మేళా. నేల మెత్తబడితే డేరా మేకులు సులువుగా దిగుతాయట.”

“ఆరు నెలలు కంటికి రెప్పలా కాచానురా, వేళ్లూనుకోవాలని.”

“పార్కు మన తాతల సొత్తా? పైనుంచి ఆర్డరు.”

“బంతాటకొచ్చిన పిల్లల్ని కర్ర పుచ్చుకుని తరిమాను. ఒకడు చెప్పులు కూడా వదిలేసి ఏడుస్తూ పరిగెత్తాడు.”

“నీ డ్యూటీ నువ్వు చేశావులే. ‘గడ్డి తొక్కరాదు’ బోర్డు పీకెయ్యనా మరి?”

తోటమాలి కుళాయి తిప్పాడు. పచ్చిక మీద నీళ్లు చిమ్మాయి.

“ఎందుకూ? ఉండనీ. అది పిల్లలకి రాసింది.”