మలుపు కాడి ఇసుక దిబ్బ

అర్ధవీడు పైన, నల్లమల దిగి వచ్చే ఏటి ఒడ్డు. ఎండాకాలం పొద్దున. గొర్రెలు కాసే అలివేలమ్మ, ఏటిని బాగుచేసే పనికి సర్వే చేస్తున్న అన్నపూర్ణ. అన్నపూర్ణ చేతి ట్యాబులో, ఏట్లో ఏది వేస్తే ఎక్కడిదాకా పోతుందో చూపించే ఏటి బొమ్మ.

"రాయి కాదక్కా. రాయి పడినచోటే మునుగుతాది. కొట్టుకుపోయేది వేసి చూడు."

"కొట్టుకుపోయేదంటే? కొమ్మా?"

"కొమ్మ కంటే బరువు."

"ఎంత బరువు అలివేలూ?"

"నాకంటే కొంచెం ఎక్కువ."

"మీ గొర్రె ఏదన్నా పోయిందా ఏంది?"

"అట్లనే అనుకో. పోయిన కార్తీకంలో, తుపాను నాడు. పై రేవు కాడ."

"ఈ ట్యాబులో ఉండేది ఏటి సంగతి తల్లీ. ఏ అడ్డం తీస్తే నీళ్లు పారతాయి, చేప కొండ మీదికి ఎట్ల ఎక్కుతాది, ఇసుక ఎక్కడ మేట వేస్తాది... గొర్రెల సంగతి దీనికేం తెలుసు?"

"ఇసుక తెలుసన్నావు కదా. ఇసుకతో పాటు పోయింది గూడా తెలుస్తాది. చూడక్కా. ఒక్కసారి చూడు."

"సరే, ఉండు. ఆనాటి వాన లెక్క ఉంది నా దగ్గర. పై రేవు కాడ వేలు పెడతాండా. ఇదిగో, ఈ నీలం రంగంతా నీళ్లు."

"నీలం కాదక్కా. ఎర్రంగ వచ్చినాయి ఆ పొద్దు."

"నువ్వు ఈడనే ఉంటివా?"

"అవతలి ఒడ్డున ఉంటి. ఈడ చుక్క వాన లేదు, ఎండ కాస్తాండె. వాన అంతా కొండ మీదనే. సగం మంద దాటింది. ముందు నడిచే పొట్టేలు నడి ఏట్లో నిలబడిపోయింది. అది కదలకుంటే ఎనకవి ఒక్కటీ కదలవు. దాన్ని తోయడానికి మళ్లీ దిగినాడు... దిగింది."

"ఎవరు దిగింది?"

"చూడక్కా నువ్వు. యాడ దాకా పోయింది?"

"మలుపు కాడ ఆగింది. ఆ ఇసుక దిబ్బలో."

"చెరువు దాకా పోలేదా? అందరూ కంభం చెరువుకే పోయింటాదన్నారు."

"పోదు. మలుపులో నీళ్లు నెమ్మదిస్తాయి. మోసుకొచ్చిన బరువంతా అక్కడనే దించుతాయి. అందుకే ఆ దిబ్బ తీయాలని మా ప్లాను. అది తీస్తే పాత మడుగు మళ్లీ పడతాది. ఎండాకాలం గూడా మీ మందకు నీళ్లుంటాయి, అడవిలో జీవాలకూ ఉంటాయి. సోమవారం జేసీబీ వస్తాంది... ఏంది, నా చెయ్యి పట్టుకుంటివి?"

"తవ్వొద్దక్కా."

"గొర్రె కోసరమా?"

"గొర్రె కాదు. మా గోవిందయ్య."

"గోవిందయ్య ఎవరు?"

"నా మొగుడు."

"అయ్యో, అలివేలూ... హైదరాబాదులో పని చేస్తాండాడని మీ అత్తే చెప్పిందే నాకు."

"ఊరందరికీ అట్లనే చెప్తాది. ఏట్లో నుంచి బయటపడినాడంట, మంద పోగొట్టినానని సిగ్గుపడి ఇంటికి రాలేదంట. ఉగాదికి వస్తాడనె. ఉగాది పోయె. ఇప్పుడు దసరాకంటాంది. నేను నమ్మినట్టే ఊ కొడతా. ఆ మాట పట్టుకొనే ఆమె ఇంత ముద్ద తింటాండేది."

"నీకు మాత్రం..."

"నా కండ్ల ముందర మునిగినాడక్కా. చెయ్యి ఒకసారి లేచింది. అంతే. పోలీసోళ్లు చెరువు దాకా వెతికి, దొరకలేదని పోయినారు."

"అట్లయితే తీయిద్దాం తల్లీ. మిషన్ పెట్టను, మనుషులతో మెల్లగా తీయిస్తా. మట్టన్నా చేసుకుంటారు."

"నాకు చోటు తెలిసింది, చాలు. గొర్రెలను ఆ పక్కకే తోలుకొని పోయి కూర్చుంటా. ఆయన్ను బయటికి తీసినారంటే మా అత్త ఆ రోజే పోతాది."

"మరి ఏరు?"

"ఏరు సచ్చి ఎంత కాలమాయె. ఇంకొన్నాళ్లు అట్లనే ఉండనీ. ఆమె పోయినాక తవ్వుకోండి. అదిగో, సద్ది తీసుకొని వస్తాంది. ఆమె చెవిన వేయొద్దక్కా, నీకు దండం పెడతా. నేను గొర్రెలను మళ్లేసి వస్తా."

"ముఖం కడుక్కొని పో."

"ఏంది పాపా, మా కోడలు ఏడుస్తా పోతాంది?"

"ఏం లేదు గురమ్మ పెద్దమ్మా. ఏటి సంగతి మాట్లాడుకుంటాంటిమి."

"ఏటి కోసరం ఎవరన్నా ఏడుస్తారా?"

"కంట్లో ఇసుక పడిందంట."

"ఊ. మలుపు కాడ గూటాలు కొట్టినారు, ఎర్రగుడ్డలు కట్టినారు. ఏం చేస్తారు ఆడ?"

"దిబ్బ తీయాలనుకున్నాము. మడుగు పడతాదని."

"తీయొద్దు."

"మీరు గూడా..."

"నేను గూడా ఏంది?"

"ఏం లేదు. ఎందుకు వద్దు పెద్దమ్మా?"

"వద్దంటే వద్దు. ఏరు ఎంత పొడుగుండాది. ఇంకో చోట తవ్వుకోండి."

"ఇంకో చోట తవ్వితే నీళ్లు నిలబడవు."

"నిలబడకపోతే మానె. పాపా, మా పిల్లకు ఇరవై గూడా నిండలా. పొద్దున లేస్తే కనకాంబరాలు కోసి మాల కట్టుకుంటాది, వాడు వస్తాడని. దాని తలలో పూలుండనీ."

"పెద్దమ్మా, మీ గోవిందయ్య హైదరాబాదులో..."

"హైదరాబాదు లేదు, ఏం లేదు. దాని కోసరమే ఆ మాట పుట్టించినా. అది నమ్మింది, పిచ్చి తల్లి."

"పెద్దమ్మా, అలివేలుకు..."

"దానికి తెలియకూడదు. నాకు మాటియ్యి."

"అది కాదు, నా మాట వినండి. చెరువు దాకా వెతికినా పోలీసోళ్లకే దొరకలేదు. లేడని మీరెట్ల అంటారు?"

"శివరాత్రికి ముందు గొర్రెలకు నీళ్లని ఆ దిబ్బలో చెలమ తీస్తాంటి. మోచేయి లోతున వేళ్లకు మొలతాడు తగిలింది. నేను కట్టిన ముడే. బయటికి తీస్తే ఆ మొలతాడు తెంపాల, ఇంటి కాడ దాని గాజులు పగలగొట్టాల. కన్న కొడుకును ఈ రెండు చేతులతో మళ్లీ పూడ్చి, ఇంటికి పోయి, చెలమలో నీళ్లు పడలేదని దానితో చెప్పినా."