చేమంతి పడని చేతులు

ఈ సభకు పెద్దగా కూర్చున్న మా యజమాని గారికి, మన మాట మన్నించి ఆసుపత్రి పని పక్కన పెట్టి వచ్చిన డాక్టరమ్మ గారికి, ప్యాకింగు గదిలో నాకంటే ఎంతో ముందు నుంచీ పనిచేస్తున్న పెద్దలకు, చేమంతుల షెడ్డులోని అక్కలకు, పిన్నులకు, ముళ్ళు గీరుకున్న చేతులతోనే పరుగున వచ్చిన గులాబీల షెడ్డు స్నేహితులకు, కుర్చీలున్నా కూర్చోకుండా తలుపు దగ్గర వ్యాను తాళాలు పట్టుకుని నిలబడ్డ మా నాన్నకు, అందరికీ నమస్కారం. కోల్డ్ రూము మోటారు ఆపితే లోపల పూలు పాడవుతాయి కాబట్టి అది మన మధ్య ఇలాగే గురక పెడుతుంది. దాన్ని కూడా సభకొచ్చిన ఒక పెద్దమనిషి అనుకుని సర్దుకుపోదాం. (నవ్వులు)

"చదువుకున్నదానివి, నువ్వు మాట్లాడమ్మా" అన్నారు యజమాని గారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం బెరుకుగా ఉంటుంది. మా ఇంట్లో నాకంటే ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. నేను ఎలా చదువుకున్నానని ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపించడానికి నాకున్నది ఒక్క మనిషే, ఈ రోజు మనం వీడ్కోలు చెబుతున్న మనిషి. మా మేనత్త. ఇక్కడ పనిచేసే అందరికీ కూడా అత్తే. అదిగో, ముందు వరసలో కుర్చీ వేస్తే కాదని వెనక్కి వెళ్ళి, పూల పెట్టె బోర్లించుకుని కూర్చుని, నన్ను తప్ప ఈ గదిలో ఉన్న అన్నిటినీ చూస్తోంది.

ఎందుకలా చూస్తోందో మీలో సగం మందికి తెలుసు. మిగతా సగానికి, షెడ్డు కబుర్లన్నీ మోసే మన రేడియో అక్క చెప్పే ఉంటుంది. (నవ్వులు. రేడియో అక్క: "నేనేం చెప్పలేదమ్మా, వాళ్ళే అడిగారు!") అయినా నా నోటితో నేను చెప్పాలి. అత్త ఈ షెడ్డు వదిలి వెళ్ళడానికి కారణం నేను.

డాక్టరమ్మ గారి కోసం మా పని గురించి ఒక్క మాట. చేమంతి కొమ్మ చివర ఒక నడిమొగ్గ ఉంటుంది, దాని కింద చుట్టూ పక్కమొగ్గలు పుడుతూ ఉంటాయి. వాటిని ఆవగింజంత ఉన్నప్పుడే గిల్లేస్తే కొమ్మ బలమంతా నడిమొగ్గకు పోయి అరచేయంత పువ్వు పూస్తుంది. గోరు జారి నడిమొగ్గే తెగిందా, ఇక ఆ కొమ్మ ఎందుకూ పనికిరాదు. దాన్ని మేం మొండి అంటాం, విరిచి బకెట్లో పడేస్తాం. చేతికి తొడుగు ఉంటే అంత చిన్న మొగ్గ వేలికి అందదు, అందుకని ఇక్కడ అందరూ ఒట్టి చేతులతోనే గిల్లుతారు. మా అత్త రెండు చేతులతోనూ గిల్లుతుంది. మాట్లాడుతూ గిల్లుతుంది, తిడుతూ గిల్లుతుంది, పక్క బల్ల మీది తగాదా తీరుస్తూ గిల్లుతుంది. ఆమె బకెట్లో మొండి కనిపించిందంటే ఆ రోజంతా షెడ్డులో అదే కబురు.

నన్ను బడిలో వేసినప్పుడు గదిలో కూర్చోనని ఒకటే ఏడుపు. అత్త గోడ అవతల, కిటికీలోంచి నాకు కనబడేలా నిలబడి "ఇక్కడే ఉన్నానే, నువ్వు రాసుకో" అనేది. నేనేం రాస్తున్నానో ఆమెకు తెలియదు, నిజానికి నాకూ తెలియదు. (నవ్వులు) ఆ నిలబడ్డ పాపానికి షెడ్డుకు ఆలస్యంగా వెళ్ళి తిట్లు తినేది. మళ్ళీ మర్నాడు వచ్చి అక్కడే నిలబడేది. నేను కిటికీ వైపు చూడటం మరిచిపోయిన రోజున గానీ ఆమె రావడం మానలేదని మా నాన్న ఇప్పటికీ చెబుతుంటారు. ఆ రోజు ఏదో నాకు గుర్తు లేదు. ఆమెకు మాత్రం గుర్తుండే ఉంటుంది.

తర్వాత పూల పెంపకమే చదువుకుని ఇదే షెడ్డుకు సూపర్‌వైజరుగా వచ్చాను. నేను లోపలికి అడుగుపెట్టగానే అత్త అందరి ముందూ లేచి నిలబడి "రండి మేడం గారూ" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "అలా అనకత్తా" అంటే, "నేను అనకపోతే వీళ్ళలో ఎవరు వింటారే నీ మాట?" అని చెవిలో గొణిగింది. షెడ్డులో మేడం గారు. ఇంటికెళ్ళాక, "ఒసేయ్, ఆరేసిన బట్టలు ఎవరు తీస్తారు, మీ యజమాని గారా?" (నవ్వులు) క్షమించాలండీ, ఆమె అన్నమాట అన్నట్టే చెప్పాలి కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ మధ్య మన షెడ్డులో మొండి కొమ్మలు ఎక్కువయ్యాయి. ఏ ఒక్కరి బకెట్లోనో కాదు, అందరి బకెట్లలోనూ, తలా కొన్ని. నేను ఎరువు చూశాను, నీళ్ళు చూశాను, వెలుతురు చూశాను, ఏమీ తేలక ఆఖరికి అందరినీ నిలబెట్టి "పని మీద ధ్యాస లేదు మీకు" అని కేకలేశాను. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. రేడియో అక్క మాత్రం "వయసు మీద పడుతోందమ్మా" అంది. "అందరికీ ఒకేసారి పడిందా?" అన్నాను. "అందరం ఒకేసారి పనిలో చేరాం కదమ్మా" అంది. (నవ్వులు) నవ్వకండి, నేను నమ్మాను.

ఒకరోజు పైకప్పు కిటికీలు సరిగా తెరుచుకోవడం లేదంటే, చూద్దామని భోజనాల వేళ అయిపోకముందే షెడ్డులోకి వచ్చాను. లోపల రేడియో అక్క మా అత్త బకెట్లోంచి మొండి కొమ్మలు తీసి, బల్ల బల్లకూ తిరుగుతూ, విందులో వడ్డించినట్టు ఒక్కొక్కరి బకెట్లో కొన్ని వేస్తోంది. "నాకింకోటి వెయ్యవే, నిన్న కూడా తక్కువే వేశావు" అంటోంది ఒక పిన్ని. ఆ చివర కుళాయి కింద చేతులు పెట్టుకుని మా అత్త నిలబడి ఉంది. ఎండాకాలంలో కూడా విప్పని ఆ పొడుగు చేతుల చొక్కా మోచేతుల పైకి మడిచి ఉంది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నెత్తురు కనిపిస్తోంది. పక్కన తీగ మీద సన్నటి రబ్బరు తొడుగులు ఆరేసి ఉన్నాయి. ఒట్టి చేత్తో ఆకు ముట్టుకోలేక నేను లేని వేళల్లో తొడుగులతో గిల్లుతోంది, అందుకే నడిమొగ్గలు తెగుతున్నాయి.

"ఏంటత్తా ఇది?" అన్నాను. "సబ్బు పడలేదు" అంది. "మరి రోజూ ఆ దగ్గు?" అంటే "దుమ్ము పడలేదు" అంది. నేను ఇంకో మాట మాట్లాడకుండా అక్కడి నుంచి నేరుగా యజమాని గారి గదికి వెళ్ళి చెప్పేశాను.

పడనిది సబ్బూ కాదు, దుమ్మూ కాదు, చేమంతి. ఏళ్ళ తరబడి తాకీ తాకీ ఆ ఆకు పసరే ఆమె ఒంటికి విరోధమైందనీ, ఇలాగే గిల్లుతూ ఉంటే చేతులతో ఆగదు, ఊపిరి మీదికి వస్తుందనీ డాక్టరమ్మ గారు తేల్చి చెప్పారు. యజమాని గారు గులాబీల్లోకి వెళ్ళమంటే అత్త "ఈ వయసులో ముళ్ళతో కొత్త చుట్టరికమా?" అంది. ఆఫీసులో కుర్చీ వేయిస్తామంటే "మొగ్గ గిల్లని దాన్ని కూర్చోబెట్టి ఏం చేస్తారు, బొమ్మలాగా చూస్తారా?" అంది. పని మానేస్తున్నానని ఆమే చెప్పేసింది.

ఆ రోజు నుంచీ అత్త నాతో మాట్లాడటం లేదు. మేమంతా ఉండేది ఒకే ఇంట్లో, తినేది ఒకే బల్ల దగ్గర. అయినా మాటలన్నీ మా నాన్న మీదుగా నడుస్తున్నాయి. "తమ్ముడూ, మేడం గారిని గొడుగు తీసుకెళ్ళమను" అంటుంది. నేను చెయ్యి చాపితే తగిలేంత దూరంలోనే ఉంటాను. "విందిలే అక్కా" అంటారు నాన్న. "వింటే వింది, నువ్వు చెప్పు" అంటుంది. పగలంతా వ్యానులో పూలు మోసి, ఇంటికొచ్చి మా మాటలు మోస్తున్నారు పాపం. (నవ్వులు)

యజమాని గారూ, మీకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. అత్తకు వైద్యం చేయించి ఊరుకోకుండా, ఇకమీదట ప్రతి పంటకూ డాక్టరమ్మ గారు వచ్చి షెడ్డులో అందరి చేతులూ చూసేలా ఏర్పాటు చేశారు. ఈ రోజు అత్తకిచ్చే పూలగుత్తిలో ఒక్క చేమంతి రేకు కూడా లేకుండా ఏరి ఏరి కట్టిన గులాబీల వాళ్ళకు కృతజ్ఞతలు. ఇక చేమంతుల అక్కలూ, పిన్నులూ, మీరు నా కళ్ళు కప్పారు. సూపర్‌వైజరుగా నాకు మీ మీద కోపం రావాలి. కానీ ఒక మనిషి తప్పు ఒక మనిషి మీద పడకుండా అందరూ తలా కొంచెం పంచుకుని, దానికి నేను వేసిన కేకలు కూడా పంచుకుని, ఒక్కరైనా నా మొహం మీద నవ్వకుండా నిలబడ్డారే, దానికి ఏ పేరు పెట్టాలో నా చదువులో చెప్పలేదు. మీకు దణ్ణం పెడుతున్నాను. ఒక్కటే వేడుకోలు, ఇంకెవరూ చేతులు దాచుకోవద్దు.

అత్తా, ఇక నీతో. నీ కోపం పోగొట్టడానికి ఇదంతా చెప్పలేదు. రేపు పొద్దున నీ బల్ల దగ్గర ఇంకెవరో నిలబడతారు, అటు చూడటానికి నాకు ప్రాణం ఒప్పదు. అయినా సరే, ఆ కుళాయి దగ్గర నిన్ను మళ్ళీ అలా చూస్తే మళ్ళీ వెళ్ళి చెబుతాను. నువ్వు నా మీద ఇంకా చాలా ఏళ్ళు కోపంగా ఉండాలి. అందుకు నీకు ఊపిరి కావాలి.

(వెనక నుంచి అత్త: "చెప్పినందుకటే నాకు కోపం?")

నాన్నా, ఆవిడ నాతోనే మాట్లాడుతోందా?

(నాన్న: "నీతోనేనమ్మా. నా వైపు చూడటం లేదు." నవ్వులు)

(అత్త: "ఆయన గదికి వెళ్ళే ముందు నన్ను పక్కకు పిలిచి చెప్పాలా వద్దా? నువ్వెళ్ళి చెప్పిన సంగతి షెడ్డంతా తెలిశాక నాకు తెలియాలా?")

చెబితే ఒప్పుకునేదానివా అత్తా?

(అత్త: "ఛస్తే ఒప్పుకోను. అయినా ముందు నాతో పోట్లాడాలి. పోట్లాడి, ఓడిపోయి, అప్పుడు వెళ్ళాలి." నవ్వులు, చప్పట్లు)

నీతో పోట్లాడితే ఓడిపోయి ఊరుకుంటానేమోనని భయపడ్డానత్తా. అందుకే పరిగెత్తాను. ఇకమీదట ఏ సంగతైనా నీతో పోట్లాడకుండా గుమ్మం దాటను.

(అత్త: "కూర్చోబెట్టి పొగిడితే అయిపోయిందనుకోకు. ఇంకా ఉంది నీకు.")

పెద్దలారా, ఇంకా చెప్పాలని చాలా అనుకుని వచ్చాను, కానీ అత్త లేచి నిలబడింది, చూస్తుంటే ఆమె చెప్పాల్సింది నాకంటే ఎక్కువే ఉన్నట్టుంది. ఇన్నాళ్ళకు నా మొహం చూసి తిడుతున్న మనిషిని ఇంత దూరంలో, మైకు ముందు నిలబడి వినడం బాగుండదు. ఓపికగా విన్న మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటాను. సెలవు.