కోనాం చేప నమిలిన ఫోను వైరు

దువ్వాడ స్టేషను రోడ్డులో గంగాలమ్మ టీ బడ్డీ దగ్గర రెండు బెంచీలుంటాయి. గోడవైపు బెంచీ అప్పలరాజుది. ఎవరూ రాసివ్వలేదు గాని, పదేళ్ళుగా పొద్దుటిపూట అక్కడ ఇంకొకరు కూర్చున్న దాఖలా లేదు. పోర్టు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఫోను అనే మాట ఎవరి నోట పుట్టినా అది తిరిగి తిరిగి తన దగ్గరకే చేరాలని ఆయన పట్టుదల. చేరేది కూడా.

ఆ రోజు చేరలేదు. ఎదుటి బెంచీ మీద కూర్చున్న గంగాధరరావు దగ్గరే ఆగిపోయింది.

గంగాధరరావు గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాడు. తుమ్మినా ‘ఏమనుకోకండి’ అనే రకం. ఆయన కోడలు ఆశాజ్యోతి ద్వారకా నగర్‌లో ఏదో ఇంటర్నెట్ ఆఫీసులో పనిచేస్తుంది.

“మా పాత ఫోనుకి ఇంటర్నెట్ డబ్బా తగిలించాం కదండీ,” అంటున్నాడు గంగాధరరావు. “హలో అన్న అర నిమిషానికల్లా కట్టయిపోయేదండి. మా కోడలు ముందు నెట్ డబ్బా ఆపి వెలిగించింది, తర్వాత ఫోను డబ్బా ఆపి వెలిగించింది, అయినా కుదరలేదు. అప్పుడు కంప్యూటర్ తెరిచి ఏదో ఒక గడిలో టిక్కు తీసేసింది. అంతేనండి. నిన్న మా ఆవిడ కాంతం వాళ్ళ చెల్లెలితో గంటసేపు మాట్లాడింది.”

“మాయింటికీ ఓపాలి రమ్మను బాబాయ్,” అన్నాడు ఆటో వాసు. “మా ఫోన్లో ఒకటే గుయ్యిమంతంది.”

“బుర్రంటే అదీ,” అంది గంగాలమ్మ. అని ఊరుకోకుండా గంగాధరరావుకి అడక్కుండానే రెండో గ్లాసు పోసింది. అల్లం ఎక్కువేసి మరీ పోసింది.

ఆ అల్లం వాసన అప్పలరాజు ముక్కుకి తగిలి కడుపులో దిగింది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో తనకి ఏనాడూ అల్లం ఎక్కువ పడలేదు. పైగా ఇంకో ముల్లుంది, అది ఎవరికీ తెలీదు. తన ఇంట్లో కూడా అలాంటి డబ్బాయే. నాలుగు రోజులై ఫోను మోగుతుంది, ఎత్తితే అవతల నుంచి ఒక్క ముక్క వినపడదు. భార్య సీతాలు వాళ్ళక్క మహేశ్వరి యారాడలో ఉంటుంది, ఆవిడకి కంటి ఆపరేషనైంది. కొండ వెనక సెల్లు సరిగ్గా పలకదు గనుక ఆవిడ రోజూ ఈ ఫోనుకే చేస్తుంది. నాలుగు రోజులుగా సీతాలు రిసీవరు పట్టుకుని హలో హలో అని అరిచి, పెట్టేసి, మొగుడి వంక చూస్తోంది. ఆయన ‘రేపు సూత్తాను’ అంటున్నాడు.

గ్లాసు బెంచీ మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“నీ కోడలు సేసింది మంచి పనే బావ, నానేటీ కాదన్ను. టిక్కు తీసీడం కూడా ఓ పనే. కాపోతే మొన్న యారాడలో, మా బావమరిది ఎల్లారావు ఇంటికాడ, ఇలాటి డబ్బాయే. ఫోనెత్తితే గుర్రుమని సౌండు. కంపెనీవోలు నలుగురొచ్చి తలకాయలు గోక్కొని ఎల్లిపోనారు. నాను రిసీవరు సెవికెట్టుకొని కళ్ళు మూసుకున్నాను. ఎల్లారావూ, డబ్బా పక్కన ఫ్రిజ్జుందేట్రా అన్నాను. ఉంది బావా అన్నాడు. జరిపీరా అన్నాను. జరిపేడు. గుర్రు పోనాది.”

ఇది నిజమే. ఇక్కడితో ఆపినా ఆయన మర్యాదకి లోటుండేది కాదు. కానీ వాసు ‘ఓహో’ అని గంగాధరరావు వైపు తిరిగి, “అయితే మీ కోడలు ఎన్నింటికి ఇంటికొస్తాది బాబాయ్?” అన్నాడు.

“ఉండ్రా, అయిపోనేదు,” అన్నాడు అప్పలరాజు, గొంతు పెంచి. “గుర్రు పోనాదా, మాట కట్టవడం మొదలయింది. సరిగ్గా ముప్ఫై లెక్కెట్టేసరికి కట్టు. ఇదేటిదీ అని వైరు పట్టుకొని బయల్దేరాను. వైరు గోడ దాటింది, నానూ దాటినాను, సరుగుడు తోట దాటింది, నానూ దాటినాను, ఇసకలో దిగింది, నానూ దిగినాను, తిన్నగా అలల్లోకి ఎల్లిపోతంది, వొగ్గీమంటావా? పంచె ఎగ్గట్టి నానూ ఎల్లిపోనాను.”

“పంచె తడవలేదా?” అంది గంగాలమ్మ.

“తడిసే టైమేది, అంత జోరుమీదున్నాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? రెండు మైళ్ళు పోయేసరికి అడుగున ఓ కోనాం సేప. బజార్లో ముక్కలు కొట్టి అమ్మే కోనాం కాదు, వాసూ, నీ ఆటో దాని దవడలో పార్కింగు సేసీవొచ్చు. అది మన వైరు నోట్లో పెట్టుకొని సెరుకుగెడలాగ నముల్తంది. ముప్ఫై లెక్కెట్టుకొని ఒక్కపాలి పన్ను దించుతాది. అక్కడ ఎల్లారావు మాట కట్టు.”

“సేపకి లెక్కెవుడు నేర్పాడు?” అన్నాడు వాసు.

“హార్బరు సేప. సైరన్లు ఇని ఇని టైము ఒంటబట్టీసింది.”

వాసు పగలబడి నవ్వాడు. చూపులన్నీ తన మీదకి తిరిగాయి. అప్పలరాజు ఒంట్లోకి వెచ్చదనం పాకింది. ఇదే, ఈ వెచ్చదనమే పొద్దున్నుంచీ ఎదుటి బెంచీ మీద ఉంది.

“ఆశ పిల్లయితే నీళ్ళల్లో దిగకుండానే తేల్చీసును,” అంది గంగాలమ్మ, గ్లాసులు కడుగుతూ.

ఆ మాటతో వెచ్చదనం కాస్తా మంటైంది.

“నోట్లో సెయ్యెట్టేను,” అన్నాడు, బెంచీ మీద నుంచి లేచి. “అది మూసీసింది. సెయ్యి రాదు. సెయ్యి రాపోతే నానే లోపలికి ఎల్లిపోనాను. సీకటి. ఆ సీకట్లో పచ్చగా ఓ దీపం టుక్కు టుక్కుమంటంది. ఏటది? ఫోను డబ్బా. ఎవుడింట్లోదో ఎప్పుడు మింగిందో. దాని పక్కన ఫోను, అదీ మోగతంది. ఎత్తినాను. స్టీల్ ప్లాంటుకి బొగ్గేసుకొచ్చే పెద్ద ఓడ, దాని కెప్టెను. మంచు కమ్మీసింది, డాల్ఫిన్స్ నోస్ కొండ అవపడటం నేదు, ఎటు తిప్పమంటావు దొరా అని ఏడుత్తన్నాడు.”

“తెలుగులోనే ఏడ్చాడేటి?” అన్నాడు వాసు.

“ఆడు ఇంగ్లీషు, నాను తెలుగు. లైను క్లియరుగుంటే బాసేటి అడ్డం. కుడికి తిప్పు, ఇప్పుడు మెల్లగ, మా ఎల్లారావు వల ఉంది తొక్కీకు, అని సేప కడుపులో కూకొని ఓడని హార్బరు సానెల్లోకి తెచ్చీసినాను. ఆడు ఎనకున్నోడికి సెప్పినాడు, ఆడు ఆడి ఎనకోడికి. పదకొండు ఓడలు బావ, బాతుపిల్లల్లాగ వరసన. నాను సేప నోట్లోంచి బయటికొచ్చీసరికి కొండమీద లైటుహౌసు పట్టపగలు వెలిగి, నా వైపు తిరిగి, మూడుపాల్లు తల ఊపింది.”

వాసు చప్పట్లు కొట్టాడు. గంగాలమ్మ కూడా చెయ్యి ఆపి నవ్వింది. అప్పలరాజు కూర్చోబోతూ గంగాధరరావు మొహం చూశాడు. ఆయనా నవ్వుతున్నాడు, ఏ కల్మషం లేకుండా. ఆ నవ్వు చూస్తే అప్పలరాజుకి గెలిచినట్టే అనిపించలేదు.

“ఇంకోటి సెప్తన్నాను ఇను,” అన్నాడు. “ఆ టిక్కు తీసీడం ఉందే, అది ఆశ పిల్లకి నేర్పింది నానే. తెలీపోతే నాకాడికి వొచ్చి అడిగి ఎల్లింది. పెద్దోన్ని కదా, నాను బయటికి సెప్పుకోలేదు, అంతే.”

గంగాధరరావు నవ్వు ఆగింది. చేతిలో గ్లాసుని రెండుసార్లు తిప్పాడు.

“అప్పలరాజుగారండి,” అన్నాడు నెమ్మదిగా, “మంగళవారం నేను మీ ఇంటికి ఫోన్ చేశానండి.”

“మంగళవారం నాను ఊళ్ళోనే లేను.”

“ఉన్నారండి. మీరే ఎత్తారు. నా మాట మీకు వినపడలేదు గాని, మీ మాట నాకు బాగా వినపడింది. రిసీవరు పక్కన పెట్టేసి, కట్ చెయ్యకుండా సీతాలమ్మగారితో మాట్లాడారు. ‘ఈ కొత్త డబ్బాలు నాకు లొంగవే, నాకేటీ తెలీటం నేదు, అలగని ఆ పిల్లని పిలిస్తే రేపు బడ్డీకాడ నా మొహం ఎవుడు సూత్తాడు’ అన్నారు. ఇది ఎక్కడా చెప్పకూడదనుకున్నానండి. మీరు పిల్ల పేరెత్తారు కాబట్టి చెప్పాల్సొచ్చింది. ఏమనుకోకండి.”

ఎవరూ నవ్వలేదు. అదే కష్టమైంది అప్పలరాజుకి. వాసు ఆటో తాళం వెతుక్కునే నెపం మీద జేబులు తడుముకున్నాడు. గంగాలమ్మ పాలు పొంగకుండానే మంట తగ్గించింది.

అప్పలరాజుకి ఏదో ఒకటి చెప్పాలని నోటిదాకా వచ్చింది, అది కథే అని తెలిసి మింగేశాడు.

“బావ,” అన్నాడు చివరికి. “సీతాలు అక్కకి కంటి ఆపరేషనయింది. నాలుగు రోజులై దాని కబురు తెలీదు. ఆ పిల్లని… ఓపాలి రమ్మనవా?”

“వెళ్ళిందండి,” అన్నాడు గంగాధరరావు. “ఇందాకే సీతాలమ్మగారు మా ఇంటికి వచ్చి అడిగారు. మా కోడలు ఆఫీసుకి వెళ్తూ చూసి పోతానంది.”

అప్పలరాజు టీ అలాగే వదిలేసి ఇంటిదారి పట్టాడు. సీతాలు తనని అడక్కుండా వెళ్ళిందని కోపం రావాలి, వచ్చింది కూడా. లెవెల్ క్రాసింగు దాటేసరికి అది ఎటో పోయింది.

ఇంటి ముందు ఆశాజ్యోతి స్కూటీ లేదు. వచ్చి, చేసి, వెళ్ళిపోయినట్టుంది. గుమ్మంలోకి సీతాలు గొంతు వినిపిస్తోంది, నవ్వుతూ మాట్లాడుతోంది.

“పదినిమిషాలు పట్టిందే అక్కా. బంగారంలాటి పిల్ల. సున్నుండ పెడితే సగమే తింది.”

ఆ సున్నుండలు పండక్కి కాదు, పుట్టినరోజుకీ కాదు, తనకోసం డబ్బాలో దాచినవి. అప్పలరాజు గుండెలో పాత ముల్లు మరోసారి కదిలింది. గుమ్మం దగ్గరే నిలబడి, అది కదలడం ఆగేదాకా ఉండి, లోపలికి వెళ్ళాడు.

సీతాలు రిసీవరు అందించింది. “అక్క నీతో మాటాడతాదంట.”

ఆయన చెవికి ఆనించుకున్నాడు. అవతల కోడి అరుపు, ఎవరో వల దులిపిన చప్పుడు, మహేశ్వరి ఊపిరి, అన్నీ తేటగా ఉన్నాయి. ఆవిడ ఏం మరిదీ, డబ్బా నువ్వే బాగుచేశావా అని అడిగింది.

“నాను కాదు,” అన్నాడు అప్పలరాజు. “నీ కన్నెలాగుంది? సెప్పు వొదినా, ఇనిపిత్తంది.”