తేమ మిషను, అల్లుడి తువ్వాలు

గుంటూరు మిర్చి యార్డు నుంచి అల్లుడు ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు ఆటో, ఆటోలో సంచీ, అత్తగారి భుజం మీద దగ్గుతున్న మనవడు కనిపించారు.

“తల్లీబిడ్డల్ని మా వేటపాలెం తీసుకెళ్తున్నా. తేమ మిషను పెట్టారు సరే, క్షేమం ఏదండీ? అది పెట్టాకే వీడికి దగ్గు ఎక్కువైంది.”

“గదిలో గాలి పొడిగా ఉందని డాక్టరుగారే పెట్టమన్నారు అత్తయ్యగారూ. మిషను పెట్టి వారం తిరక్కుండా ఎట్లా తీసుకెళ్తారు?”

“వీడి కళ్ళు చూశారా? ఆ ఆవిరి తగిలితే నాకే మండుతున్నాయి. అసలు దాన్ని కడుగుతున్నారా?”

“రోజూ నేనే కడుగుతున్నా. తొట్టి లోపల తడి లేకుండా తుడిచి మరీ కొత్త నీళ్ళు పోస్తున్నా.”

“దేంతో తుడుస్తున్నారు?”

“దీంతోనే. భుజం మీద తువ్వాలుతో.”

“యార్డులో ఘాటుకి మూతికి కట్టుకునేది కూడా అదేనా?”

అల్లుడు తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.

“మిషను తప్పేం లేదని తుమ్మి మరీ సాక్ష్యం చెప్పారు. మంచి ఆవిరి రావాల్సిన చోట మిర్చి ఆవిరి పట్టారు పసివాడికి.”

“మళ్ళీ శుభ్రంగా కడుగుతానండీ. ఆటోలో సంచీ దించమంటారా?”

“ముందు ఆ తువ్వాలు దించండి.”