గోడ మీది చార్టు

ముప్పయ్యేళ్లు కళ్లద్దాల దుకాణం నడిపిన పెద్దాయన, చిన్నప్పుడు ఆ దుకాణంలోనే పని నేర్చుకుని కంటి డాక్టరైన మేనకోడలి కొత్త యంత్రానికి గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"అరనిమిషంలో నంబరు చెప్పేసిందా నీ పెట్టె? నేను ఒక్కొక్కరికీ అరగంట తీసుకునేవాణ్ణి."

"తెలుసు మావయ్యా. నీ దగ్గరేగా నేర్చుకున్నాను."

"నేర్చుకుని నా గిరాకీ అంతా ఎగరేసుకుపోయావు. బయట కూర్చున్నవాళ్లలో సగంమంది ఒకప్పుడు నా మెట్లెక్కినవాళ్లే."

"ఉడుక్కున్నది చాలు. ఆ తెర మీద చివరి వరుస చదువు."

ఆయన తడుముకోకుండా గడగడా చదివేశాడు.

"చూశావా? నాకు నీ పెట్టెతో పనేం లేదు."

"మావయ్యా, ఈ తెర మీద అక్షరాలు మనిషి మనిషికీ మారతాయి. నువ్వు చదివింది మన దుకాణం గోడ మీది చార్టు."

ఆయన కళ్లు చికిలించి మళ్లీ తెర వైపు చూశాడు.

"నీ కళ్లు చివరిసారి ఎవరు పరీక్షించారు?"

"ఇంకెవరు? నేనే. ఏడేళ్లుగా ఆ చార్టుతోనే."

ఆమె ఆయన కంటికి కొత్త అద్దం అమర్చింది.

"ఇది బాగుందా, నీ పాతదా?"

ఆయన ఎంత వద్దనుకున్నా, తెర మీద అక్షరాలు ఒక్కొక్కటీ తేటపడ్డాయి.

"నీదే," అన్నాడు ముఖం ముడుచుకుని. "ఫ్రేములో మాత్రం నేనే బిగించుకుంటాను. నువ్వు చెయ్యి పెట్టకు."