చార్టులో చివరి వరుస

నాచారంలో ఒక బడి వరండా. ఉప్పల్‌లో చవక కళ్లజోళ్ల సంస్థ పెట్టిన అమ్మాయి, ఏడో తరగతి మాస్టారు ఎదురెదురుగా నిలబడ్డారు.

"నలభై మందిల ఒక్కరికి గూడ చూపు తక్కువ లేదంటే నమ్మబుద్ధి అయితలేదు సార్."

"అందరి కళ్లూ బాగుంటే మీ కళ్లజోళ్లు అమ్ముడుపోవనా బాధ?"

"పెద్దోళ్లకు అమ్ముతం. బడి పిల్లలకు ఉత్తగనే ఇస్తం సార్. నిన్న కంటి పరీక్ష చార్టు మీ క్లాసులనే పెట్టి పోయిన. బట్టీ పట్టిచ్చిన్రా?"

"పరీక్ష అన్నారు కదా, పదిసార్లు చదివించాను. బడి పేరు పోకూడదు. మా కెజియాని చూడండి, చివరి వరుస కూడా తడుముకోకుండా చదివింది. క్లాసులో ఫస్టు."

"ఆమె వంతు వచ్చేసరికి నేను చార్టు తీసేసి, గోడకున్న గా మొలకే క్యాలెండర్ తగిలిచ్చిన సార్."

"అయితే?"

"క్యాలెండర్ దిక్కు సూసుకుంట గవే అక్షరాలు సదివింది."



"బోర్డు కనపడని పిల్లకి ఫస్టు ఎలా వస్తుందమ్మా?"

"బోర్డు మీద రాసేటప్పుడు మీరు పైకి సదువుతరా సార్?"

"చదువుతాను."

"ఇయ్యాల జర నోరు మెదపకుంట రాసి సూడున్రి."